ఇంటివద్ద ట్రాక్టరును, కారును పైకెత్తుట: చవక పద్ధతులు, తప్పని జాగ్రత్తలు

నారాయణఖేడ్ ప్రాంతపు గ్రామములలో నేడు ఎడ్లబండికన్న ట్రాక్టరే ఎక్కువగా కంటబడుచున్నది. ట్రాక్టరు వెంట ట్రాలీ, కల్టివేటరు, రోటవేటరు వచ్చినవి. కొందరి వాకిండ్లలో చిన్న కారో, జీపు వంటి బండియో కూడ నిలిచియున్నది. పొరుగున జహీరాబాదులో మహీంద్రా వారి ట్రాక్టర్ల కర్మాగారము 2013లో పని మొదలుపెట్టినది. 2019లో మొదలైన పల్లె ప్రగతి కార్యక్రమము కింద రాష్ట్రములోని 12 వేలకు పైచిలుకు గ్రామ పంచాయతీలకు ట్రాక్టరు, ట్రాలీ, నీళ్ల ట్యాంకరు సమకూడినవి. బండ్లు ఇంతగా పెరిగినను, వాటిని బాగుచేయు షెడ్లు ఆ లెక్కన పెరుగలేదు. కంది, సోయా, పత్తి పనులు ఒక్కసారిగా మీదబడిన రోజులలో మెకానిక్కు కొరకు ఖేడ్ పట్టణమునకో, జహీరాబాదుకో, బీదరుకో పోయి వచ్చుటకు ఎవరికి తీరిక ఉండును? అందుచేత పంక్చరు, బ్రేకుల సవరణ, గ్రీజు పట్టించుట, ఇంజను నూనె మార్చుట వంటి పనులు రైతులు ఇంటివద్దనే చేసికొనుచున్నారు. ఇది మెచ్చుకొనదగిన సంగతే. అయితే ఈ పనులలో చాలవరకు బండిని నేలనుండి పైకెత్తనిదే సాగవు. చిక్కంతయు అక్కడనే ఉన్నది.

విత్తనములు, ఎరువులు, చీడపీడల గురించి చెప్పవలసిన వ్యవసాయశాఖవారికి జాకీతో ఏమి పని అని కొందరు అడుగవచ్చును. పొలములో పురుగు పడినచో ఒక పంట పోవును. ఎత్తిన ట్రాక్టరు జారినచో ఇంటి యజమానియే పోవును. కావున దీనిని గురించి నాలుగు మాటలు వ్రాయుట మా పనికి వెలుపలిది కాదని తలచుచున్నాను.

ఎత్తునది వేరు, నిలుపునది వేరు

మన పెద్దలు ఎడ్లబండి ఇరుసుకు కందెన వేయునప్పుడు ఏమి చేసెడివారో జ్ఞాపకము తెచ్చుకొనుడు. ఒకరు పొడవాటి దుడ్డుకర్రతో బండిని ఒక పక్కకు లేపెడివారు. రెండవవారు వెంటనే ఇరుసు కింద ఊతకర్ర పెట్టెడివారు. దుడ్డుకర్ర పట్టినవాడు అప్పుడు చేయి వదలెడివాడు. బండి నిలిచినది ఊతకర్ర మీదనే గాని దుడ్డుకర్ర మీద కాదు. చక్రము ఊడదీసి కందెన పూసి తిరిగి చీల వేయువరకు దానిని ఎవరును ముట్టెడివారు కారు. ఈ చిన్న పద్ధతిలో మొత్తము శాస్త్రమంతయు ఇమిడియున్నది.

జాకీ దుడ్డుకర్ర వంటిది. అది ఎత్తుటకే ఏర్పడినది, నిలుపుటకు కాదు. కాని దుడ్డుకర్ర పట్టిన మనిషి అలసినచో కేకవేయును, జాకీ కేకవేయదు. అందుచేతనే మనము మోసపోవుచున్నాము. జాకీ ఎక్కించి, బండి కదలకుండ ఉన్నదిగదా అని తలను, మొండెమును కిందికి దూర్చువారు ఊరికి పదిమంది కనబడుదురు. "రెండు నిమిషాల పనే సారూ, ఏమైతది?" అందురు. ప్రమాదము జరుగుటకు రెండు నిమిషములు కూడ అక్కరలేదు.

నూనెతో పనిచేయు సీసా జాకీ సంగతి తెలిసికొన్నచో ఈ మాట మనసుకు పట్టును. దీనిలో సన్నని పిస్టను ఒకటి, లావుపాటి పిస్టను ఒకటి ఉండును. చేతికడ్డీని పైకి కిందికి ఆడించినప్పుడు సన్నని పిస్టను నూనెను లావు పిస్టను కిందికి నెట్టును. కడ్డీ వలన మన బలము 15 రెట్లు, పిస్టన్ల వైశాల్యములలోని తేడా వలన మరి 10 రెట్లు పెరిగినదనుకొనుడు. అప్పుడు 20 కిలోల చేతి ఒత్తిడి 3000 కిలోల ఎత్తుబలమగును. ఇంగ్లండులో జోసెఫ్ బ్రామా అను పనివాడు 1795లో పేటెంటు పొందిన నీటి ప్రెస్సు ఈ సూత్రము మీదనే నడిచినది. ఎంత అద్భుతమైనను, ఎత్తిన బరువునంతను పట్టియుంచునది లోపలనున్న ఒక చిన్న రబ్బరు వాషరు, ఒక చిన్న గోళీ వాల్వు మాత్రమే. వాషరు అరిగినను, గోళీ కింద నలుసు పడినను నూనె మెల్లగా వెనుకకు పోవును. బండి దిగును. ఒక్కొక్కప్పుడు మెల్లగా కాక ఒక్కసారిగానే దిగును.

మరల (స్క్రూ) జాకీలో ఈ లోపము లేదు. మరల మధ్య రాపిడి వలన అది తనంత తాను దిగదు. పాత లారీల మరజాకీలు పాత సామాను దుకాణములలో దొరకుచున్నవి. మరలు అరగకుండ, వంకర లేకుండ ఉన్నచో అవి మంచి కొనుగోలే. కాని దాని కాలు చిన్నది, ఒడలు పొడవైనది. బండి జానెడు ముందుకు కదలినను అది పక్కకు ఒరిగి పడును. కారుతో కంపెనీవారిచ్చు కత్తెర జాకీ దారిలో చక్రము మార్చుకొనుటకు మాత్రమే ఉద్దేశింపబడినది. దాని మీద కారు నిలిపి కింద పడుకొనుట కత్తి కింద పడుకొనుటతో సమానము.

ఏ జాకీ అయినను సరే, ఎత్తిన వెంటనే బండి భారమును దిమ్మల మీదికో, ఇనుప స్టాండ్ల మీదికో దింపవలెను. పని జరుగుచున్నంతసేపు జాకీ ఊరక పక్కన ఉండవలెను.

తుమ్మ దిమ్మలు

ఇనుప స్టాండ్లు కొనగలవారు కొనుటయే మేలు. మూడు టన్నుల జత ఒకటి సాధారణముగా ట్రాక్టరు ముందు టైరు ధరకు లోబడియే వచ్చును. కొనలేనివారికి కట్టె ఉన్నది. మన పొలముగట్ల మీది తుమ్మ ఇందుకు బాగుగా పనికివచ్చును. బండ్లు చేయు వడ్రంగులు దీనిని తరతరములుగా వాడుచున్నారు. నల్లమద్ది, చింత కూడ మంచివే. వాకిలిలో వృథాగా పడియున్న పాత బండి ఇరుసులు, కాడులు, ఇల్లు విప్పినప్పుడు మిగిలిన దూలములు కోయించుకొన్నచో ఖర్చు కోతకూలి మాత్రమే. మామిడి కర్ర మెత్తన. నీలగిరి కర్ర ఎండునప్పుడు పగుళ్లు తీయును, కావున వలదు. పచ్చికట్టె కూడ పనికిరాదు. ఒక ఎండకాలమంతయు నీడన ఆరవలెను.

దిమ్మ కొలతలు: పొడవు 2 అడుగులు, వెడల్పు 4 అంగుళములు, మందము 4 అంగుళములు. నాలుగు పక్కలు చదునుగా రంపముతో కోయించవలెను. గుండ్రని దుంగలు దొరలును గనుక ఎంత లావైనను ఎన్నడును వాడరాదు. పేర్చు విధానము సులభము. రెండు దిమ్మలు నేలమీద నిలువుగా, వాటిపై రెండు అడ్డముగా, మరల రెండు నిలువుగా ఇట్లు చదరముగా పేర్చుకొని పోవలెను. ప్రతి దిమ్మ కొన తన కిందిదానిని దాటి నాలుగు అంగుళములు బయటికి రావలెను. కొన దగ్గరనే భారము పడినచో కట్టె చీలును. పేర్పు ఎత్తు దాని అడుగు వెడల్పుకు రెండింతలు మించరాదు. మన ట్రాక్టర్ల వెనుక ఇరుసు గొట్టము చాలవరకు రెండు అడుగుల ఎత్తు దరిదాపులలో ఉండును. అంటే ఆరు వరుసలు, పన్నెండు దిమ్మలు. రెండు పక్కల పెట్టుటకు ఇరువది నాలుగు. చివరి వరుస మీద ఇరుసు చక్కగా కూర్చుండుటకు అంగుళము మందపు పలకలు రెండు మూడు ఉంచుకొనవలెను. కారుకైతే మూడు వరుసలు చాలును.

కట్టెకు ఒక మంచి గుణము ఉన్నది. భారము మించినప్పుడు అది ముందుగా కిర్రుమనును, నలుగును, పగులు చూపును. మనకు లేచి పోవు వ్యవధి దొరకును. ఇటుకకు, సిమెంటు ఇటుకకు ఆ గుణము లేదు. గోడలో ఇటుక వరుసమీద వరుసగా సమానముగా భారము మోయును గనుక నిలుచును. ట్రాక్టరు ఇరుసు దానిమీద ఒక్కచోట ఆనినప్పుడు చప్పుడు లేకుండ ముక్కలగును. ముఖ్యముగా డొల్ల సిమెంటు ఇటుకలను ఈ పనికి తాకనే రాదు. ఒక గ్రామములో సిమెంటు ఇటుకల మీద నిలిపిన ట్రాలీని చూచి, దానిని దింపించి పక్కకు తీసినప్పుడు ఆ ఇటుకలలో ఒకటి చేతిలోనే రెండైనది. అప్పటివరకు దానికింద ఒక పడుచువాడు స్ప్రింగు పట్టీలు విప్పుచుండెను.

జాకీ కాలికింద నేల

మన తాలూకాలో నల్లరేగడి ఉన్నది, ఎర్రనేల ఉన్నది. మొరము కలిసిన ఎర్రనేల ఎండినప్పుడు గట్టిగా ఉండును. నల్లరేగడి వానకాలములో ఎట్లుండునో రైతుకు చెప్పనక్కరలేదు. ఒక లెక్క చూడుడు. సీసా జాకీ అడుగు నాలుగంగుళముల చదరమనుకొన్నచో 16 చదరపు అంగుళములు. దానిమీద 600 కిలోల భారము పడినచో ఒక్కొక్క చదరపు అంగుళమునకు 37 కిలోలకు పైగా ఒత్తిడి. ఏ తడినేలయు దీనికి ఆగదు. అదే జాకీని 18 అంగుళముల చదరపు పలకమీద నిలిపినచో భారము 324 చదరపు అంగుళములకు పరచుకొని ఒత్తిడి ఇరవయ్యో వంతుకు తగ్గును, అంటే అంగుళమునకు రెండు కిలోలు కూడ ఉండదు. పలక సన్నమైనచో నడుమ వంగి ఫలితము పోవును. రెండంగుళముల మందపు పలకలు, ఒకదానిపై ఒకటి పోగులు అడ్డము వచ్చునట్లు మేకులు కొట్టించి ఉంచుకొనుట మంచిది. దిమ్మల పేర్పు కిందను మెత్తని నేలలో ఇటువంటి పలకయే వేయవలెను.

వాకిలిలో షాబాదు బండలు పరచుకొన్నవారు నేల గట్టిదని ధైర్యపడుదురు. బండకింద మట్టి కుంగి డొల్ల ఏర్పడియున్నచో జాకీ కింద బండ పగులును. పైగా నున్నని బండమీద ఇనుము జారును. అక్కడ కూడ పలక వేయవలసినదే. బండమీద ముందుగా గడ్డపార మొనతో తట్టి చూచినచో డొల్ల చప్పుడు తెలియును.

వాలు నేలలో ఎత్తరాదు. ఎత్తని చక్రములకు ముందు, వెనుక రెండువైపుల అడ్డుదిమ్మలు పెట్టవలెను. చేతికందిన రాయి కాక, ఒక పక్క ఏటవాలుగా చెక్కిన కట్టె అయినచో టైరుకు చక్కగా ఆనును.

ట్రాక్టరు విషయములో రెండు మోసములు

మొదటిది గేరు. "గేరుల వేసిన, కదలదు" అని చాలమంది నమ్మకము. రెండు వెనుక చక్రములు నేలమీద ఉన్నప్పుడు అది నిజమే. ఒక వెనుక చక్రము గాలిలోకి లేచిన మరుక్షణము డిఫరెన్షియల్ పండ్లు ఆ చక్రమును విడిగా తిరుగనిచ్చును. నేలమీది రెండవ చక్రము గేరు ఉన్నను దొరలిపోవును. కాబట్టి రెండు బ్రేకు పెడళ్లను కొక్కెముతో కలిపి పార్కింగు లాకు వేయవలెను, నేలమీది చక్రమునకు అడ్డుదిమ్మలు పెట్టవలెను. ఒక చక్రము గాలిలో ఉండగా ఇంజను నడిపి గేరు వేయుట ఎట్టి పరిస్థితిలోను కూడదు. కారుకు కూడ ఇటువంటి మెలికయే ఉన్నది. చాల కార్లలో చేతిబ్రేకు వెనుక చక్రములనే పట్టును. వెనుకభాగము ఎత్తినచో చేతిబ్రేకు వేసియుండియు వేయనట్లే.

రెండవ మోసము ముందు ఇరుసు. చాలవరకు మన ట్రాక్టర్లలో ముందు ఇరుసు నడుమ ఒక పిన్ను మీద ఊగుచుండును. గట్లు, గుంటలు దాటునప్పుడు నాలుగు చక్రములు నేలను వదలకుండ ఉండుటకు ఈ ఏర్పాటు. అంటే ట్రాక్టరు నాలుగు కాళ్ల మంచము కాదు, మూడు కాళ్ల ముక్కాలిపీట. రెండు కాళ్లు వెనుక చక్రములు, మూడవది ఆ పిన్ను. ఇప్పుడు గేరుపెట్టె నడుమ కింద జాకీ పెట్టి రెండు వెనుక చక్రములను ఒక్కసారి ఎత్తినారనుకొనుడు. ముక్కాలిపీటకు రెండు కాళ్లు పోయి ఒకే వరుసలో రెండు ఆధారములు మిగిలినవి: ముందు పిన్ను, వెనుక జాకీ. రెండు టన్నుల యినుము ఆ గీతమీద నిలిచినది. పక్కనుండి ఒకరు గట్టిగా పానా తిప్పినను అది ఒరుగుటకు చాలును.

దీనికి మందు కానీ ఖర్చు లేనిది. ముందు ఇరుసుకు, దానిపైనున్న చట్రమునకు మధ్యనున్న సందులో కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి చీలగా చెక్కిన గట్టి కట్టెముక్కలు సుత్తితో బిగించి కొట్టవలెను. ఇరుసు ఊగుట ఆగును, ముక్కాలిపీట నాలుగుకాళ్లదగును. వెనుక పని ముగిసి చక్రములు నేలను తాకినవెంటనే వాటిని తీసివేయుట మరువరాదు. అట్లే పొలములోకి పోయినచో ముందు ఇరుసు విరుగు ప్రమాదమున్నది. కట్టెముక్కలకు ఎర్రగుడ్డ ఒకటి కట్టినచో కంటికి కనబడును.

వెనుక చక్రము విప్పువారు ఇంకొక సంగతి గమనించవలెను. దమ్ముకు, దున్నకమునకు పట్టు కొరకు చాలమంది వెనుక టైర్లలో నీరు నింపుదురు. ఒక్కొక్క టైరులో నూరు లీటర్లకు మించి పట్టును. రిమ్ము, ఇనుప బరువులు కలిసి ఆ చక్రము ఒంటి మనిషి మోయగలది కాదు. నీరు తీసివేసి, పలకమీదుగా దొరలించుకొని ఇద్దరు నడపవలెను. పడిపోవుచున్న చక్రమును పట్టుకొనబోక పక్కకు తప్పుకొనవలెను. నట్లను చక్రము నేలమీద ఉండగానే ఒక చుట్టు వదులు చేసికొని, తరువాతనే ఎత్తవలెను. గాలిలో ఉన్న చక్రపు నట్లమీద పానా వేసి తొక్కినచో బండి దిమ్మల మీదనుండి జారును.

జాకీ లేనిచోట

పొలము నడుమ పంక్చరు పడినది, జాకీ ఇంటివద్ద ఉన్నది. లేదా ఉన్న జాకీ పనిచేయుట లేదు. ఇట్టి సమయములో బండిని పైకెత్తనక్కరలేకుండనే చక్రము విప్పవచ్చును. ఇది నాకు మిక్కిలి నచ్చిన పద్ధతి, ఎందుకనగా దీనికి కావలసినవి గడ్డపార, పార, దిమ్మలు మాత్రమే.

ముందుగా మిగిలిన చక్రములకు అడ్డుదిమ్మలు వేయవలెను. చెడిన చక్రపు ఇరుసు కింద, చక్రమునకు వీలైనంత దూరముగా, వెడల్పు పలక వేసి దానిపై దిమ్మలు పేర్చి, పై సందును పలకలతోను చీలలతోను బిగువుగా నింపవలెను. తరువాత టైరు కింద మట్టిని మెల్లగా తవ్వవలెను. మట్టి తొలగినకొలది బండి వేలెడు మాత్రము దిగి, భారము దిమ్మల మీదికి చేరును. ఇంకను నాలుగంగుళములు తవ్వినచో చక్రము గాలిలో వదులుగా తిరుగును. దానిని విప్పి గుంతలోనుండి బయటికి దొరలించవలెను. తవ్వుచున్నంతసేపు శరీరము బండి వెలుపలనే ఉండవలెను; పారకు పిడి పొడవుగా ఉన్నది అందుకే. గుంత అంచు పలకను సమీపించరాదు, సమీపించినచో పలకకింది మట్టి గుంతలోకి జారును. తడిసిన నల్లరేగడిలో అంచు విరుగుట ఎక్కువ గనుక అక్కడ ఈ పద్ధతి వలదు.

చక్రము మరల బిగించిన పిదప గుంతను కొంచెము కొంచెముగా మట్టితో నింపి దిమ్మిసతోనో, గడ్డపార వెనుక మొనతోనో గట్టిగా కుదించవలెను. టైరు కింద గట్టిపడిన తరువాత చీలలు తీసి, దిమ్మలు ఒక్కొక్కటి తప్పించవలెను.

చెట్టుకొమ్మకు గొలుసుకప్పీ వేలాడదీసి ట్రాక్టరు ముందుభాగము లేపుట కూడ అక్కడక్కడ చూచుచున్నాము. వేపకొమ్మ ఎంత లావున్నదో కనబడును గాని లోపల ఎంత పుచ్చినదో కనబడదు. ఆ జోలికి పోకుండుట మేలు.

చిన్న కారుకు పలకల మెట్టు

కారు యజమానులలో చాలమందికి కావలసినది నూనె మార్చుటకు కొంచెము సందు మాత్రమే. దానికి జాకీయే అక్కరలేదు. రెండంగుళముల మందము, అడుగు వెడల్పు గల పలకను నాలుగు అడుగులు, మూడు అడుగులు, రెండు అడుగులు చొప్పున కోయించి, మెట్లవలె ఒకదానిపై ఒకటి స్క్రూలతో బిగించవలెను. ఒక కొన అన్నిటికి సమముగా ఉండవలెను. రెండవ కొనన అడుగు అడుగు వెనుకకు తగ్గుచు మెట్లు ఏర్పడును. పైమెట్టు చివర టైరు దాటిపోకుండ రెండంగుళముల పట్టీ ఒకటి బిగించవలెను. ఇటువంటివి రెండు కావలెను. మొత్తము పదునెనిమిది అడుగుల పలక. ముందు చక్రములు మెల్లగా మూడు మెట్లెక్కినచో కారు ముందుభాగము ఆరంగుళములు లేచును. చక్రములమీదనే కారు నిలిచియుండును గనుక ఇది అన్నిటికంటె క్షేమకరము. వెనుక చక్రములకు అడ్డుదిమ్మలు, చేతిబ్రేకు తప్పవు. ఎక్కించునప్పుడు ముందు ఎవరును నిలువరాదు.

జాకీతోనే ఎత్తవలసివచ్చినచో చోటు తెలియవలెను. పాత జీపులు, బొలేరో వంటి బండ్లకు గట్టి ఇనుప చట్రముండును. దానికిందనో, ఇరుసు కిందనో జాకీ పెట్టవచ్చును. మారుతి మొదలుకొని నేటి చిన్న కార్లకు విడిగా చట్రములేదు. రేకు పెట్టెయే చట్రము. తలుపుల కింద రేకు అంచున జాకీ కొరకు గట్టిపరచిన చోట్లు నాలుగు, చిన్న గంట్లతో గుర్తు పెట్టబడియుండును. అవి తప్పి మరెక్కడ ఆనించినను రేకు లోపలికి పోవును. విప్పిన చక్రమును ఇంటిగోడకు ఆనించక కారు కిందికి, తలుపు అంచు కిందుగా పడుకోబెట్టి తోసియుంచవలెను. దిమ్మలు తప్పినను కారు ఆ చక్రము మీద ఆగును, మనిషికి ఊపిరి సందు మిగులును. ఇది ట్రాలీకి కూడ వర్తించును.

కొందరు కొట్టములో గొయ్యి తవ్వించి దానిమీద బండి నిలుపుదురు. నల్లరేగడిలో దాని గోడలు వానకు కూలును, నీరు ఊరును. పెట్రోలు ఆవిరి గాలికన్న బరువైనది గనుక గోతిలో చేరి నిప్పురవ్వకు మండును. రాతికట్టడము, సిమెంటు లేకుండ గొయ్యి పెట్టుకొనరాదు. పాములు చేరుట వేరే సంగతి.

ట్రాలీ, ట్యాంకరు

ట్రాలీని ఎత్తకముందు ఖాళీ చేయవలెను. ఇది చెప్పనక్కరలేని మాటవలె తోచును గాని పత్తి దింపకుండ, ఇసుక దింపకుండ పంక్చరుకు ఎత్తువారు ఎందరో ఉన్నారు. నీళ్ల ట్యాంకరు సంగతి మరి కఠినము. వేయి లీటర్ల నీరు ఒక టన్ను బరువు. సగము నిండిన ట్యాంకరులో నీరు ఒరిగినవైపే ఉరుకును, దిమ్మలను తోసివేయును. పూర్తిగా వదిలిన పిదపనే జాకీ తీయవలెను. రెండు చక్రముల ట్రాలీని ట్రాక్టరునుండి విప్పి ఎత్తరాదు. కొక్కెము తగిలించియే ఉంచి, ట్రాక్టరుకు బ్రేకు వేసి, అప్పుడు ఎత్తవలెను. విప్పిన ట్రాలీ తూకపు కడ్డీవలె ముందుకో వెనుకకో వాలును.

నూనె బలముతో తొట్టి పైకి లేచు ట్రాలీల విషయములో మరింత గట్టిగా చెప్పవలసియున్నది. లేచిన తొట్టి కింద గ్రీజు పెట్టుటకు వంగువారు జాకీ మీద నిలిపిన ట్రాక్టరు కింద దూరువారి కంటె ఎక్కువ సాహసము చేయుచున్నారు. ఒక్క రబ్బరు గొట్టము పగిలినను, పొరపాటున పిల్లవాడెవడైన లీవరు తాకినను తొట్టి కన్ను మూసి తెరచులోపల దిగును. చట్రమునకు, తొట్టికి మధ్య లావుపాటి తుమ్మదూలమును నిలువుగా ఆనించి, తొట్టిని దానిమీదికి దింపి, తరువాతనే చేయి పెట్టవలెను. రోటవేటరు కత్తులు మార్చునప్పుడును అంతే. లిఫ్టుమీద వేలాడుచున్న పనిముట్టు కింద దిమ్మలు లేనిదే చేయి పోరాదు; ఇంజను ఆపి తాళము జేబులో వేసికొనవలెను.

జాకీ పరీక్ష, ఇతర సంగతులు

వానకాలపు పనులకు ముందు జాకీని ఒకసారి పరీక్షించుట మంచిది. ఖాళీ ట్రాలీని ఒక పక్క రెండంగుళములు ఎత్తి, జాకీ పిస్టను మీద సుద్దముక్కతో గీత పెట్టి అరగంట ఆగి చూడుడు. గీత కిందికి దిగినచో వాషర్లు మార్పించవలెను. నూనె తగ్గినచో జాకీ నూనెయే పోయవలెను. బ్రేకు నూనె పోసినచో లోపలి రబ్బరు ఉబ్బి పాడగును. వాడిన ఇంజను నూనెలో ఇనుపరజను ఉండును, అదియు వలదు. జాకీ మీద వ్రాసిన టన్నులు కొత్తగా, నిటారుగా ఉన్నప్పటి లెక్క. రెండు టన్నుల ట్రాక్టరులో వెనుక ఒక పక్కకు వచ్చు భారము ఆరేడు వందల కిలోలే అయినను, ఐదు టన్నుల జాకీకి తక్కువ వాడవలదని నా సలహా. చిన్న కారుకు రెండు టన్నులది చాలును.

ఒంటరిగా ఉన్నప్పుడు బండి కిందికి పోరాదు. ఇంటిలో ఒకరికి చెప్పి, పిల్లలను దూరముగా ఉంచవలెను. ట్రాక్టరు సీటు ఎక్కనిదే ఏ పిల్లవానికి తోచదు. దైవవశాత్తు ఎవరైన కిందపడినచో పదిమంది కలిసి చేతులతో లేపబోవుట వలన బండి మరొకవైపు జారును. 108కు ఫోను చేసి, జాకీతో అంగుళము ఎత్తుచు, ఎత్తిన ప్రతి అంగుళమునకు దిమ్మో పలకయో తోయుచు పోవలెను.

పంచాయతీ ట్రాక్టరు ఉన్న ప్రతి గ్రామములో సర్పంచులు, కార్యదర్శులు ఒక ఐదు టన్నుల జాకీ, ఒక జత స్టాండ్లు, ఇరువది నాలుగు దిమ్మలు, నాలుగు అడ్డుదిమ్మలు, రెండు మందపు పలకలు కార్యాలయములో ఉంచి, సామాను పుస్తకములో ఎక్కించుట అవసరము. డ్రైవరుకు ఈ పద్ధతి ఒకసారి చేసి చూపించవలెను. రైతులు అడిగినప్పుడు సంతకము తీసికొని ఇయ్యవచ్చును. రైతు సంఘములవారును ఇట్లే ఒక జత సామాను ఉమ్మడిగా కొనుక్కొనవచ్చును. ఒక్కొక్క ఇంటికి సంవత్సరములో నాలుగైదు సార్లకు మించి దీని అవసరము రాదు.

దిమ్మలకు చెదలు పట్టకుండ చివరలకు తారు పూసి, నేలకు తగులకుండ రెండు రాళ్లమీద పేర్చి ఉంచవలెను. పక్కలకు మాత్రము తారు, నూనె, రంగు ఏదియు పూయరాదు, జారుగుణము వచ్చును. ఒక్కొక్క దిమ్మ కొనన ఎర్రగీత పెట్టియుంచినచో వంటకట్టెలలో కలిసిపోవు భయముండదు. పగులు కనబడిన దిమ్మను మాత్రము ఆలోచింపక పొయ్యిలోకే పంపవలెను.